రేగడి మీద రోడ్డు

బనగానపల్లె చుట్టూ దారులు వెడల్పవుతున్నాయి. ఉబ్బే నేలకు, బండల లోడుకు, పూడిన కాలువకు తట్టుకున్నప్పుడే వాటిని బాగుపడ్డ రోడ్లు అనాలి.

కోవెలకుంట్ల, సంజామల వైపు రేగడి చేలల్లో ఏప్రిల్ నెలలో నడిస్తే నేల నెర్రెలిచ్చి కనిపిస్తుంది. చెయ్యి దూర్చితే మోచేతి దాకా పోయే నెర్రెలుంటాయి. ఆ నెర్రె చేను గట్టు దగ్గర ఆగదు. రోడ్డు పక్కనున్న మట్టి అంచు కిందికి, అక్కడి నుంచి తారు కిందికి పాకుతుంది. తారు అంచుకు జానెడు లోపలగా, రోడ్డు పొడవునా, సన్నటి గీత ఒకటి పడుతుంది. అప్పటికి రోడ్డు చూడ్డానికి బాగానే ఉంటుంది. బస్సులో పోయేవాళ్లకు ఆ గీత కనపడదు. జూన్‌లోనో జూలైలోనో తొలి పెద్దవాన పడగానే నీళ్లు ఆ గీతలోంచి కిందికి దిగుతాయి. రేగడి తాగినంత తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఆ వారంలోనే ఒక బండల లారీ, ఎదురొచ్చే బస్సుకు దారి ఇవ్వడానికి ఎడమ చక్రాలను అంచు మీదికి దింపుతుంది. గీతకు అవతలున్న తారు పెళ్లగా లేస్తుంది. మరో రెండు వానలకు అక్కడ గుంత తయారు. దసరా నాటికి ఆ గుంతను తప్పించబోయి మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డవాళ్ల సంగతి ఊళ్లో చెప్పుకుంటుంటారు.

బనగానపల్లె దారుల సంగతి తేలాలంటే మంజూరైన కోట్ల లెక్క దగ్గర కాకుండా ఈ గీత దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడు ఇక్కడ రోడ్డు పని అన్ని స్థాయుల్లోనూ మాటల్లో ఉంది. జాతీయ రహదారి వెడల్పు, రాష్ట్ర రహదారుల గుంతల పూడ్పు, పల్లెల్లో సిమెంటు వీధులు, పొలాలకు పోయే రస్తాలు, అన్నీ. ఇన్నేళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చిన ఈ అదను చేజారకూడదన్న ఆరాటంతోనే ఈ నాలుగు మాటలు.

మూల ఊరు నడిమధ్యకు

చాలాకాలం బనగానపల్లె పటంలో ఒక మూలగానే ఉండిపోయింది. చుట్టూ బ్రిటిషువాళ్ల కర్నూలు జిల్లా, మధ్యలో నవాబుల సంస్థానం. విస్తీర్ణం 255 చదరపు మైళ్లు, 1901 లెక్కల్లో జనం 32 వేల పైచిలుకు. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అయినా పెద్దదారి ఇటు తిరగలేదు. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు పోయే బాట, ఇవాళ్టి 40వ నంబరు జాతీయ రహదారి, పాణ్యం మీదుగా సాగిపోయింది. రైలు సంగతీ అంతే. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 1996-97లో మంజూరైంది. 123 కిలోమీటర్ల ఆ లైను పూర్తయి 2016 ఆగస్టులో రైలు నడిచేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. అంతదాకా ఇక్కడివాళ్లు రైలెక్కాలంటే పాణ్యమో, బేతంచెర్లో, నంద్యాలో చేరాల్సిందే. ఊరి పేరు మోసిన మామిడి దేశమంతా తిరిగింది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఊరివాళ్లకు మాత్రం జిల్లా కేంద్రానికి పోయి రావడమే ఒక రోజు పని అయ్యేది.

ఆ స్థితి ఇప్పుడు మారుతోంది. అనంతపురం నుంచి గుంటూరు దాకా సుమారు 417 కిలోమీటర్లు సాగే 544డి జాతీయ రహదారి తాడిపత్రి, కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె, గాజులపల్లె మీదుగా వచ్చి నల్లమల దాటి గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట చేరుతుంది. రాష్ట్రం విడిపోయాక అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వే మాట వినపడింది. ప్రభుత్వం మారాక అది పక్కకు పోయి, ఉన్న ఈ రహదారినే వెడల్పు చేసే ఆలోచన ముందుకొచ్చింది. మన వైపు ఆ పనిని బుగ్గ నుంచి కైప దాకా, కైప నుంచి గాజులపల్లె దాకా అని రెండు భాగాలు చేశారు. కైప బనగానపల్లె మండలంలోని ఊరే. సీమ నుంచి కోస్తాకు పోయే లారీ ఇక ఈ ఊరి మీదుగానే పోతుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో జిల్లా కేంద్రం దగ్గరైంది. 2025 చివర్లో జరిగిన పునర్విభజనలో బనగానపల్లె రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆర్డీవో ఆఫీసు పని మీద కొలిమిగుండ్ల, సంజామల వాళ్లు ఇక్కడికి రావాలంటే మళ్లీ కావాల్సింది దారే.

దీనికి తోడు 2024 జూన్‌లో బనగానపల్లె ఎమ్మెల్యే బీసీ జనార్దన్ రెడ్డి రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ మంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో గుంతల రహిత రోడ్ల కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అంతకు దాదాపు మూడు వారాల ముందు, అక్టోబరు 14న, ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కృష్ణా జిల్లా కంకిపాడులో ‘పల్లె పండుగ’ ప్రారంభించారు. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రమంతా పల్లెల్లో సిమెంటు రోడ్లు వేసే పని అది. అప్పటి ఉపాధి హామీ చట్టం కింద ఖర్చులో 60 శాతం కూలీకి పోవాలి, మిగతా 40 శాతం దాకా సామగ్రికి వాడుకోవచ్చు. ఆ నలభయ్యే వీధుల్లో సిమెంటై పరుచుకుంది.

మంత్రి సొంత నియోజకవర్గం కాబట్టి రోడ్లు వస్తాయన్న ఆశ జనానికి ఉండటంలో తప్పు లేదు. రావాలి కూడా. కానీ ఏ పార్టీ ఏలుబడిలో వేసిన రోడ్డయినా ఇక్కడ మూడు నాలుగు వానలకే ఎందుకు విరిగిందో తేలకపోతే, ఇప్పుడు వేసేదీ అదే దారి పడుతుంది.

కింద ఏముందో చూడాలి

భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు ఈ చుట్టుపక్కల ఊర్ల పేర్లు చాలా కంఠస్థమే. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద నివేదిక రాసిన నాటి నుంచి ఈ రాతిపొరలకు ఇక్కడి ఊర్ల పేర్లే పెడుతూ వచ్చారు. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. యాగంటి కొండల నుంచి కుందూ లోయలోకి దిగే మనిషి కొద్ది గంటల్లో ఈ పొరలన్నీ దాటేస్తాడు. రోడ్డు కూడా వీటన్నిటి మీదుగానే పోవాలి. కొండ పక్కన గట్టి రాయి, గరుసు నేల. అక్కడ పలచగా వేసినా రోడ్డు నిలుస్తుంది. కిందికి దిగి కుందూ వైపు పోయేకొద్దీ బారెడు లోతు రేగడి. అక్కడ అదే మందంలో, అదే అంచనాతో వేస్తే మొదటి వానాకాలంలోనే తేడా తెలుస్తుంది. ఒకే టెండరులో, ఒకే పనిలో ఈ రెండు నేలలూ వస్తుంటాయి. పది కిలోమీటర్ల రోడ్డుకు నడిమి నాలుగు కిలోమీటర్లే ఏటా ఎందుకు పాడవుతాయన్న ప్రశ్నకు జవాబు చాలాచోట్ల ఇదే.

రేగడి లక్షణం కొత్తగా కనుక్కున్నదేమీ కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి కడప, దువ్వూరు, అహోబిలం, మహానంది మీదుగా శ్రీశైలం పోయారు. మజిలీ మజిలీకి బాట ఎట్లాంటిది, నేల ఎట్లాంటిది, నీడ ఉందా, నీళ్లున్నాయా అని తన యాత్రా చరిత్రలో రాసుకుంటూ పోయారు. నేలను బట్టి ప్రయాణం ఉంటుందన్న ఎరుక రెండు వందల ఏళ్ల కింది బాటసారికి ఉంది. అది మన అంచనాల పట్టికల్లోనూ ఉండాలి.

ఇంజనీర్లకు దీని లెక్క తెలుసు. రోడ్డు కింది మట్టిని నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, ఎంత ఒత్తిడికి ఎంత లోతు దిగుతుందో చూస్తారు. దాన్ని సీబీఆర్ పరీక్ష అంటారు. మంచి గరుసుకు పదీ పదిహేను శాతం దాటి వచ్చే ఆ విలువ, నానిన రేగడికి తరచూ రెండు మూడు దగ్గరే ఆగిపోతుంది. మందులు కూడా తెలిసినవే. ఒకటి, పైనున్న రేగడిని తగినంత లోతు తీసేసి గరుసు నింపి రోలరుతో తొక్కించడం. రెండు, రేగడిలోనే కాల్చిన సున్నం కలిపి, నీళ్లు పట్టి, దాని ఉబ్బే గుణం తగ్గించడం. సున్నపురాయి పొడి చల్లితే లాభం లేదు, కాల్చిన సున్నమే కావాలి. మూడు, ఫ్లైయాష్. బొగ్గు విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే రోడ్డు పనుల్లో ఆ బూడిద వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ నిబంధన పెట్టింది. ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం మనకు ఎంత దూరం? సున్నపురాయి గనులు మన మధ్యనే ఉన్నాయి, బూడిద పక్క జిల్లాలో ఉంది. గరుసు దిబ్బలకూ ఇక్కడ కరువు లేదు. రేగడిని దారికి తెచ్చే సరుకంతా ఇంటి చుట్టూ పెట్టుకుని రేగడి మీద నేరుగా కంకర పోయడం మన్నించరాని పని.

ఇంకొకటి, అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ముందు మరిచిపోయేది: పక్క కాలువ. రోడ్డు నడిమి కాస్త ఎత్తుగా, రెండు పక్కలకు వాలుగా ఉండాలి. వాలిన నీళ్లు మట్టి అంచు దాటి కాలువలో పడాలి, కాలువ వంకలో కలవాలి, వంక దగ్గర కల్వర్టుకు గొంతు తెరిచి ఉండాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక్క లంకె తెగినా నీళ్లు రోడ్డు పక్కనే నిలుస్తాయి. రేగడికి ఆ నిలిచిన నీళ్లు చాలు. చేను దున్నుకునేవాళ్లు కాలువను కూడా కలుపుకుని దున్నడం, చేనులోకి ట్రాక్టరు దిగడానికి కాలువలో మట్టి పోసి తూము పెట్టకపోవడం, పాలిష్ ఫ్యాక్టరీల బురద, బండల ముక్కలు తెచ్చి రోడ్డు పక్కన కుమ్మరించడం మన కళ్లముందు జరుగుతున్నవే. వీటికి కాంట్రాక్టరును తిట్టి లాభం లేదు.

ఈ నేల మీద రోడ్డుకు మనుషులు ఇచ్చిన వెల ఎంతో కూడా ఒకసారి తలుచుకోవాలి. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. కరువు పని కింద జనంతో చేయించినవాటిలో రోడ్లు, కంకర కొట్టడం ముఖ్యమైనవి. 1877లో బ్రిటిషు ప్రభుత్వం కరువు పర్యవేక్షణకు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణాకు తగ్గించాడు. ఆ తిండి మీద పొద్దంతా సుత్తి ఎత్తిన చేతులు పరిచిన కంకర మన పాత రోడ్ల అడుగున ఉంది. ఇవాళ ఉపాధి హామీ కూలీ ఎండలో తట్ట మోస్తున్నదీ ఆ ఊర్లలోనే. వాళ్ల కష్టం రెండు వానలకు కొట్టుకుపోకూడదన్నది కనీస న్యాయం.

పైన ఏం పోతోంది

బనగానపల్లె మండలం పలుకూరు, కొలిమిగుండ్ల మండలంలో గనులు, అంకిరెడ్డిపల్లె పాలిష్ ఫ్యాక్టరీలు, అటు బేతంచెర్ల. ఈ చుట్టుపక్కల వేల కుటుంబాలకు బండే అన్నం పెడుతోంది. గనిలోంచి తీసిన నాపరాళ్లను లారీలో పడుకోబెట్టరు. పడుకోబెడితే కుదుపుకు పగులుతాయి. అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి వరస పేరుస్తారు. చూడ్డానికి లారీ సగమే నిండినట్టు ఉంటుంది, బరువు మాత్రం అప్పటికే పూర్తి. ఆ మిగిలిన ఖాళీయే ఆశ పెడుతుంది. ఇంకో వరస వేస్తే ఏమవుతుందనిపిస్తుంది. దీనికి తోడు సిమెంటు. కొలిమిగుండ్ల మండలం కలవటాలలో రామ్‌కో సిమెంటు కర్మాగారం 2022లో ప్రారంభమైంది. సిమెంటు వస్తే పని వస్తుంది, దాని వెంట పెద్ద బండ్లూ వస్తాయి.

బరువుకూ రోడ్డుకూ ఉన్న లెక్కను అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య తేల్చారు. వేర్వేరు మందాలతో రోడ్లు వేసి, వాటి మీద లారీలను పగలూ రాత్రీ తిప్పి, ఏది ఎప్పుడు విరుగుతుందో చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, సుమారు పదహారింతలని తేలింది. ఇప్పటికీ రోడ్ల మందం లెక్కగట్టేది ఆ సూత్రం మీదే. మన దేశంలో 2018 జూలైలో లారీ ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చూడ్డానికి టన్నుంపావు తేడా. ఆ సూత్రం ప్రకారం రోడ్డుకు దెబ్బ ఒకటికి ఒకటిన్నర రెట్లు పైనే పెరిగింది. ఇది చట్టం ఒప్పుకున్న బరువు. దాని మీద ఇంకో వరస బండలు వేస్తే ఏమవుతుందో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు. చిన్న బండ్ల కోసం వేసిన పల్లె రోడ్డు మీద అట్లాంటి లారీలు రోజుకు నాలుగు తిరిగినా ఆ రోడ్డు బతకదు.

లారీవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. డీజిలు, టైర్లు, కంతులు, దారిలో ఇచ్చుకునేవి అన్నీ పోను ట్రిప్పుకు మిగిలేది తక్కువ. ఓవర్‌లోడు వేయకపోతే పక్కవాడు వేస్తాడు, కిరాయి వాడికి పోతుంది. కేసు పడితే మాట పడేది డ్రైవరు. అందుకే రోడ్డు మధ్యలో లారీ ఆపి జరిమానా రాయడంతో ఇది తెగదు. లోడు ఎక్కే చోటే కాటా ఉండాలి. గని గేటు దగ్గర, పాలిష్ ఫ్యాక్టరీల వాడ చివర, సిమెంటు గేటు దగ్గర. అందరికీ ఒకే బరువు, అందరికీ ఒకే కాటా ఉంటే ఎవడి కిరాయీ ఎవడూ కొట్టుకుపోడు. గనులు, రవాణా, రోడ్ల శాఖలు మూడూ కూర్చుని ఒప్పుకుంటే కొద్ది నెలల్లో అయ్యే పని. రోడ్డు మరమ్మతుకు ఏటా పెట్టే ఖర్చు ముందు కాటా ఖర్చు చాలా చిన్నది.

వీధి లేచింది, గడప కుంగింది

పెద్ద రోడ్ల సంగతి పత్రికల్లో వస్తుంది. వీధి సంగతి ఇంటివాళ్లకే తెలుస్తుంది. సీమ పల్లెల్లో పాత ఇళ్లను వీధి కంటే రెండు మెట్లు ఎత్తులో కట్టుకునేవాళ్లు. మొదటిసారి సిమెంటు రోడ్డు పడ్డప్పుడు ఒక మెట్టు మునిగింది. పదేళ్లకు దాని మీదే ఇంకో పొర పోశారు, రెండో మెట్టూ మునిగింది. ఇప్పుడు మూడోసారి పోస్తే వీధి ఎత్తు, గడప పల్లం. వానొస్తే వీధి నీళ్లన్నీ నట్టింట్లోకి. గడపకు అడ్డంగా సిమెంటు కట్ట కట్టుకుని, దాన్ని దాటుకుంటూ తిరిగే ముసలివాళ్లను ఏ ఊళ్లోనైనా చూడొచ్చు. ఇల్లు లేపి కట్టుకునే స్తోమత ఉన్నవాడు కట్టుకుంటాడు. లేనివాడి ఇంట్లో నేల ఎప్పుడూ చెమ్మే.

పాత పొరను పగలగొట్టి తీసేశాకే కొత్తది పోయాలి. ఎత్తు పెరగకూడదు. ఎత్తు నిర్ణయించే ముందు వీధిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న గడప ఏదో చూడాలి. రోడ్డుతో పాటే మురుగు కాలువ కట్టాలి. ఇంటింటి కుళాయి గొట్టం వేయాల్సి ఉంటే ముందు అది వేయాలి. సిమెంటు ఆరకముందే గొట్టం కోసం వీధిని నడిమికి చీల్చి, మట్టి పూడ్చి పోవడం చాలా ఊర్లలో జరిగింది. ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా, పంచాయతీ రాజ్ ఇంజనీర్లు ఒక పూట ఆ వీధిలో కలిసి నడిస్తే చాలు. ఇంకో సంగతి. బండలు పుట్టే ఊర్లు ఇవి. రోజంతా లారీలు తిరగని సందులకు సిమెంటే ఎందుకు, మందపు నాపరాళ్లు పరవకూడదా అని నాకు ఎప్పటి నుంచో ఉంది. అవసరమొస్తే లేపి కింద గొట్టం వేసుకుని మళ్లీ పరుచుకోవచ్చు. పని కూడా స్థానిక మేస్త్రీలకే దొరుకుతుంది.

దారి ఎవరిని ఎక్కడికి చేరుస్తుంది

రోడ్డు బాగుపడితే మొదట మారేది ఆసుపత్రి ప్రయాణం. నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్ద డాక్టరు కోసం కర్నూలు దాకా పోవాల్సిన చాలా కేసులకు ఇప్పుడు నంద్యాల సరిపోవాలి. కానీ పురిటి నొప్పుల మీదున్న మనిషికి గుంతల రోడ్డు మీద 108 బండిలో పోవడమంటే ఏమిటో పోయినవాళ్లకే తెలుసు. బండి నడిపేవాడు వేగం తగ్గిస్తే ఆలస్యం, తగ్గించకపోతే కుదుపు.

రెండోది బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బనగానపల్లెలోనూ, కోవెలకుంట్లలోనూ డిపోలున్నాయి. అయితే టిక్కెట్టు లేకపోవడం బస్సు వచ్చే ఊరికే పనికొస్తుంది. రోడ్డు పాడైందని సర్వీసు ఆపేసిన ఊళ్లో ఆడపిల్ల కాలేజీకి పోవాలంటే ఆటోకు డబ్బులు పెట్టాలి, లేదా మానుకోవాలి. మానుకునేది ఎప్పుడూ ఆడపిల్లే. నా లెక్కలో ఏ రోడ్డు ముందు వేయాలన్న జాబితాలో పై వరసన ఉండాల్సినవి బస్సు ఆగిపోయిన ఊర్లు.

మూడోది చేను. కోవెలకుంట్ల, సంజామల రేగడిలో శనగ, జొన్న, పత్తి, మినుము. ఈ పంటను చేను నుంచి తారు రోడ్డు దాకా తేవడమే కష్టమంతా. వాన పడితే ట్రాక్టరు చక్రాలకు రేగడి ముద్దలు ముద్దలుగా చుట్టుకుని బండి కదలదు. కదిలి రోడ్డెక్కితే ఆ ముద్దలన్నీ తారు మీద రాలి, మీద చినుకు పడితే జారుడు. పొలం రస్తా రోడ్డులో కలిసే చోట ఇరవై ముప్పై అడుగుల మేర బండలో కంకరో పరిస్తే ఆ మట్టి అక్కడే రాలిపోతుంది. రైతుకూ మేలు, రోడ్డుకూ మేలు.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. యాగంటి ఉమామహేశ్వరుడికి శివరాత్రి, కార్తీకంలో జనం పోటెత్తుతారు. రవ్వలకొండలో వీరబ్రహ్మేంద్రస్వామి గుహ, నందవరం చౌడేశ్వరి, ‘అరుంధతి’ సినిమాతో పేరుపడ్డ నవాబు బంగళా, కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు, అన్నీ ఒక్క రోజులో చుట్టిరాగల దూరంలోనే ఉన్నాయి. వీటికంటే పెద్ద సంగతి ఒకటుంది, ఊరివాళ్లలోనే చాలామందికి తెలియదు. జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో నేలలో తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చి పడ్డ బూడిద అది. ఆ పొరకు కిందా పైనా కూడా ఆదిమానవుడి రాతి పనిముట్లు దొరికాయి. అంత పెద్ద విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనిషి బతికాడని చెప్పే ఆ పరిశోధన 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చి ప్రపంచమంతా చర్చకు దారితీసింది. ఆ బూడిదనే పాత్రలు తోమే పొడికని తవ్వి అమ్ముకున్నారు. అక్కడికి ఒక మంచి దారి, ఒక బోర్డు, తవ్వకుండా ఒక కంచె. రోడ్డు ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

వేగం వచ్చాక

వెడల్పయిన దారి మీద బండి నెమ్మదిగా పోదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీళ్లలో చాలామంది గుంతల రోడ్ల మీద కాదు, వేగంగా పోయే మంచి రోడ్ల మీదే పోయారు. రహదారి ఊరి పక్కన పోతే, ఇల్లు ఇవతల, చేనూ బడీ అవతల ఉంటాయి. పొద్దున్నే గొర్లు, బర్రెలు దాటాలి. బడి పిల్లలు దాటాలి. తలకట్టు తప్ప హెల్మెట్ ఎరగని పెద్దాయన మోటార్ సైకిల్ మీద రస్తాలోంచి నేరుగా హైవే మీదికి ఎక్కుతాడు. ప్రతి పెద్ద ఊరి దగ్గర కింద దాటే దారి, సర్వీస్ రోడ్డు, రాత్రి లైటు ఉన్నాయా అని పని జరుగుతుండగానే అడగాలి. పని ముగిశాక అడిగితే దొరికేది స్పీడు బ్రేకరు మాత్రమే. అన్నట్టు, 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకు ఏడు రోజుల లోపు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకం కేంద్రం తెచ్చింది. ఊరూరా ఈ సంగతి తెలియాలి.

నేల పోయినవాళ్ల మాటా చెప్పుకోవాలి. పట్టా ఉన్న రైతుకు పరిహారం ఆలస్యంగానైనా వస్తుంది. అదే చేనును ఏళ్ల తరబడి కౌలుకు చేసినవాడి చేతికి మాత్రం ఏమీ రాదు. 2013 భూసేకరణ చట్టం కౌలుదారునూ, ఆ నేల మీద బతికే కూలీనీ బాధిత కుటుంబంగానే చెప్పింది. కాగితంలో ఉన్న ఆ మాటను అమలులోకి తేవడం రెవెన్యూవాళ్ల పని. డివిజన్ ఆఫీసు ఊళ్లోకే వచ్చింది గనక అడగడం ఇప్పుడు సులువు. పాత రోడ్డు మీద టీ కొట్టు, పంక్చరు షాపు పెట్టుకున్నవాళ్ల బేరం కొత్త దారి పక్కకు జరిగితే పడిపోతుంది. వాళ్లకు కొత్త జంక్షన్ల దగ్గర చోటు ఇచ్చే ఏర్పాటు ముందే చేయాలి. రోడ్డు వెడల్పులో పోయిన చింతలు, మర్రులు, వేపల బదులు నాటే మొక్కలు కనీసం మూడు వేసవులు నీళ్లు పోస్తే తప్ప ఈ ఎండలకు బతకవు. ఆ మూడేళ్ల నీళ్ల ఖర్చు కాంట్రాక్టులోనే రాయాలి.

అడగాల్సింది ఇప్పుడే

నిర్వహణకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న ఉంది. రోడ్లు, భవనాల శాఖ కింద రాష్ట్రంలో దాదాపు 45 వేల కిలోమీటర్ల రోడ్లున్నాయి. కొన్ని రోడ్ల నిర్వహణను ప్రైవేటుకు ఇచ్చి కార్లు, లారీలు, బస్సుల నుంచి టోల్ తీసుకుని, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు మినహాయింపు ఇచ్చే ఆలోచనను 2024 నవంబరులో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. దాని మంచిచెడ్డలు చర్చించాల్సిందే. కానీ కాలువ పూడిక తీయడానికి, అంచున పడ్డ గీతను వేసవిలోనే తారుతో మూసేయడానికి టోల్ దాకా ఆగనక్కర్లేదు. మే నెలలో బక్కెట్టు తారుతో ఆగిపోయే గుంతకు అక్టోబరులో లారీల కొద్దీ కంకర కావాలి.

మంత్రిగారికి ఒక విన్నపం. మీ నియోజకవర్గంలో గట్టినేల, రేగడి రెండూ ఉన్నాయి. రాష్ట్రంలో రేగడి ఉన్న ప్రతిచోటా పనికొచ్చే పద్ధతిని ఇక్కడ చేసి చూపించొచ్చు. సున్నంతోనో బూడిదతోనో నేలను బాగుచేసి వేసిన ఒక రోడ్డు, గని గేటు దగ్గర ఒక కాటా, రోడ్డుతో పాటే ఒక కాలువ. ఆ రోడ్డు పక్కన బోర్డు పెట్టి ఎప్పుడు వేశారు, ఎంత మందం, ఎవరు వేశారు, ఎన్నేళ్లు వాళ్లే బాగుచేయాలి అని తెలుగులో రాయించండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు వేసినవాళ్లే అయిదేళ్లు నిర్వహణ చూడాలన్న షరతు ఎప్పటి నుంచో ఉంది. మిగతా రోడ్లకూ అదే పెట్టండి.

చదివే మీకు ఒక మాట. మీ ఊరి గ్రామసభలో ఈసారి కొత్త రోడ్డు అడిగే ముందు మూడు సంగతులు అడగండి. కింది మట్టి పరీక్ష చేశారా, కాలువ అంచనాలో ఉందా, పాత పొర తీశాకే కొత్తది పోస్తారా? ఈ మూడూ తీర్మానంలో రాయించి, సంతకం పెట్టి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. వానాకాలం లోపే మీ చేను పక్కనున్న రోడ్డు కాలువలో మీరు పోసిన మట్టి ఉంటే తీసేసి తూము పెట్టించండి.